విశాఖా? విజయవాడా? రిటైరయ్యాక ఎక్కడుందాం

ఇంకో రెండేళ్ళలో నా ఉద్యోగం అయిపోతుంది. ఆ తర్వాత ఏ ఊళ్ళో ఉండాలన్న మాట మా ఇంట్లో ఈ మధ్య భోజనాల దగ్గర తరచూ వస్తోంది. మాది తెనాలి. మా వారిది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. నాది బ్యాంకు ఉద్యోగం, బదిలీలు తప్పవు. పెళ్ళయిన కొత్తలో విజయవాడ, తర్వాత రెండు మూడు చిన్న ఊళ్ళు, 2010 నుంచి 2019 దాకా విశాఖ, మళ్ళీ ఇప్పుడు విజయవాడ. రెండు ఊళ్ళలోనూ అద్దె కట్టాం, పిల్లని చదివించాం, ఆసుపత్రుల చుట్టూ తిరిగాం.

ఎవర్ని అడిగినా "ఇందులో ఆలోచించడానికేముందండీ, వైజాగే" అంటున్నారు. సముద్రం, కొండలు, వెడల్పాటి రోడ్లు అని లెక్క చెబుతున్నారు. అవన్నీ నిజమే. కానీ సెలవులకి వెళ్ళినప్పుడు కనబడే ఊరు వేరు, పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం తలుపు తీసినప్పుడు కనబడే ఊరు వేరు. ఆ రెండో ఊరి గురించి రాయాలని కూర్చున్నాను. తిరుపతి, గుంటూరు, రాజమండ్రి, నెల్లూరు, కర్నూలు కూడా మంచి ఊళ్ళే, అక్కడ ఉన్నవాళ్ళు రాస్తే చదువుతాను. నేను కాపురం చేసినవి ఈ రెండూనూ.

ముందుగా మనుషుల సంగతి. ఇల్లు అద్దెకి వెతికేటప్పుడు ఊరి స్వభావం బాగా తెలుస్తుంది. విజయవాడలో ఇంటావిడ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి అడిగే మొదటి ప్రశ్న, "మీదే ఊరమ్మా? ఇంటిపేరేంటి? తెనాలిలో ఫలానా వాళ్ళు మీకేమవుతారు?" అని. నాలుగు నిమిషాల్లో ఎక్కడో ఒక చుట్టరికం తగులుతుంది. తగిలిందా, ఇల్లు మనదే. తగల్లేదా, "మా అబ్బాయిని అడిగి చెబుతానమ్మా" అంటారు. మా వారి ఊరు పేరు చెప్పినప్పుడు ఆ రెండో మాట చాలా ఇళ్ళలో విన్నాం. విశాఖలో ఇంటాయన అడిగిన మొదటి మాట "ఎక్కడమ్మా డ్యూటీ?" అని. బ్యాంకని చెప్పాను. అడ్వాన్సు ఎంతో చెప్పి తాళం చేతికిచ్చాడు.

దీనికి కారణం ఆ ఊళ్ళు పుట్టిన తీరులోనే ఉంది. విశాఖ జీతగాళ్ళ ఊరు. 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు, తర్వాత రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు, వీటన్నిటికీ తోడు తూర్పు నౌకాదళం. ఎక్కడెక్కడి వాళ్ళో ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మేమున్న సీతమ్మధార అపార్టుమెంటులో పక్కింట్లో ఒడియా వాళ్ళు, పైన ఒక బెంగాలీ కుటుంబం, కింద విజయనగరం వాళ్ళు. ఎవరికీ ఎవరి తాత ముత్తాతలూ తెలియదు. ఎవరి షిఫ్టు ఎప్పుడో మాత్రం అందరికీ తెలుసు. ఎవరింట్లో నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్నారో చూసుకుని పిల్లల్ని అరవద్దనేవాళ్ళం.

విజయవాడ వ్యాపారుల ఊరు. చుట్టూ డెల్టా పల్లెలు, మధ్యలో రైలు జంక్షను. పంట అమ్ముకోవడానికి, బట్టలు కొనడానికి, లారీ బాడీ కట్టించడానికి, పిల్లల్ని ఇంటర్‌లో చేర్చడానికి జనం ఇక్కడికే వస్తారు. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్లు, ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్లు తరతరాలుగా నడుస్తున్నాయి. అప్పు పుట్టాలన్నా, సరుకు దొరకాలన్నా అక్కడ నమ్మకం ముఖ్యం. నమ్మకం చుట్టరికంతోనూ పరిచయంతోనూ వస్తుంది కాబట్టే ఆ ప్రశ్నలు. ఆ వలలో మనం కూడా ఒక ముడి అయితే ఎంత బలమో నాకు తెలుసు. మా అమ్మాయికి చిన్నప్పుడు డెంగ్యూ వచ్చి సూర్యారావుపేటలో ఆసుపత్రిలో చేర్చిన గంటకల్లా మా పిన్ని క్యారేజీతో దిగింది. బాబాయి ఎవరెవరికో ఫోన్లు చేసి ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్ళని పంపించాడు. మేం అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

అయితే ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి, భాషలో యాస తేడా ఉన్నవాళ్ళకి, ఒంటరి ఆడవాళ్ళకి విశాఖలో ఊపిరి ఆడినట్టు విజయవాడలో ఆడదు. ఇది నేను గట్టిగా నమ్ముతాను. మా బ్రాంచికి బదిలీ మీద వచ్చిన పెళ్ళి కాని అమ్మాయి విజయవాడలో ఇల్లు దొరక్క నెలల తరబడి హాస్టల్లో ఉంది. విశాఖలో అదే పరిస్థితిలో ఉన్న మరో అమ్మాయికి వారంలో ఇల్లు దొరికింది. ఒక్కరే ఉంటారా అని అడిగారట, అంతే.

ఇక ఎండ. విజయవాడ ఎండ గురించి అందరికీ తెలుసు కానీ, అసలు కష్టం రాత్రిపూట. మే నెలలో వారాల తరబడి 42, 43 డిగ్రీలు ఉంటుంది, కొన్నేళ్ళు 45 కూడా దాటింది. ఊరి చుట్టూ ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు. పగలంతా కాగిన ఆ రాయి, మన ఇంటి శ్లాబు, రెండూ పొద్దు వాలాక వేడి వదలడం మొదలుపెడతాయి. రాత్రి పదింటికి కుళాయి తిప్పితే స్నానానికి చల్లనీళ్ళు కలపాల్సినంత వేడిగా వస్తాయి. గోడకి చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. మంచం మీద దుప్పటి కూడా వెచ్చగానే ఉంటుంది. ఏసీ వేసిన గదిలో అందరం చేరతాం, కరెంటు పోతే లేచి కూర్చుంటాం. తెల్లవారుజామున అయిదున్నరకే వంట అయిపోవాలి, తర్వాత వంటింట్లో నిలబడలేం. మా అత్తయ్యకి ఎనభై దాటాయి. మధ్యాహ్నాలు తడి తువ్వాలు భుజాన వేసుకుని హాల్లో గచ్చు మీద పడుకుంటారు. "ఏటమ్మా, ఈ ఊర్ల గాలన్నదే నేదేటి?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

విశాఖలో అదే మే నెలలో 35, 36. ఉక్క విపరీతంగా ఉంటుంది, చెమట ఆరదు, ఇస్త్రీ చీర గంటలో నలిగిపోతుంది. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. సాయంత్రం ఆరింటికి డాబా ఎక్కితే మనిషి తేరుకుంటాడు. ముసలివాళ్ళు ఉన్న ఇంటికి ఆ ఒక్క గాలి చాలా పెద్ద విషయం.

సముద్రం పక్కనే ఇల్లు కావాలనుకునేవాళ్ళకి మాత్రం ఒక మాట చెప్పాలి. మేం మొదట చినవాల్తేరులో, బీచ్ రోడ్డుకి నడిచి వెళ్ళేంత దూరంలో దిగాం. బాల్కనీలోంచి చూస్తే నీలంగా ఒక గీత కనబడేది. ఆర్నెల్లు తిరక్కుండానే కిటికీ ఊచల మీద రంగు బుడగలు లేచింది. గోరుతో గిల్లితే పెచ్చు ఊడి, కింద ఎర్రటి తుప్పు. గేటు మడతబందులు బిగుసుకుపోయాయి. ఫ్రిజ్ కాళ్ళు, గ్యాస్ స్టవ్ అడుగు, బీరువా తాళం, మా అమ్మాయి సైకిల్ చైను, బయట పెట్టిన ఏసీ డబ్బా, ఏదీ మిగల్లేదు. ఏసీ బాగుచేయడానికి వచ్చినబ్బాయి దాని వెనక రేకుని వేళ్ళతో నలిపి చూపించాడు, అప్పడంలా పొడి అయింది. ఉప్పు డబ్బాలో నీరు చేరేది. వెండి పట్టీలు వారానికోసారి తోమినా నల్లబడేవి. వానాకాలంలో పుస్తకాల అట్టల మీద బూజు. ఊచలకి ఏటా ప్రైమర్ కొట్టి రంగు వేయించాల్సిందే, దానికి ఒక ఖర్చు, నాలుగు రోజుల వాసన. తర్వాత సీతమ్మధార మారాక ఈ బాధ చాలా తగ్గింది. గాలి అక్కడికీ వస్తుంది, ఉప్పు అంతగా రాదు. అందుకని విశాఖలో ఇల్లు కొనేవాళ్ళకి నా సలహా: సముద్రం కనబడే ఇంటికన్నా సముద్రానికి బస్సులో అరగంట దూరంలో ఉన్న ఇల్లే నయం.

పాతపోస్టాఫీసు వైపు, వన్‌టౌన్‌లో ఇళ్ళు చవగ్గా దొరుకుతాయి, పాత విశాఖ అందమంతా అక్కడే ఉంది. కానీ పోర్టులో దించే బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఆ ఇళ్ళ మీదకి వస్తుంది. పొద్దున్న తుడిచిన వరండాలో సాయంత్రం నడిస్తే అరికాళ్ళు నల్లబడతాయి. అక్కడ ఉండే మా సహోద్యోగి ఒకావిడ తెల్ల బట్టలు మేడ మీద ఆరేయడం ఎప్పుడో మానేసింది. విశాఖ శుభ్రమైన ఊరని చెప్పేవాళ్ళు ఆ పేటలకి కూడా వెళ్ళి చూడాలి. అటు గాజువాక, పరవాడ వైపు ఫ్యాక్టరీల గాలి సంగతి వేరే. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై నిద్రలో ఉన్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పటికి మేం విజయవాడ వచ్చేశాం. కానీ గోపాలపట్నంలో ఉన్న మా ఆడపడుచు వాళ్ళు చీకట్లో కట్టుబట్టలతో బయటికి పరిగెత్తారు. ఇల్లు చూసేటప్పుడు చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ ఉంది, గాలి ఎటు నుంచి ఎటు వీస్తుంది అని అడగడం మా వాళ్ళందరికీ అప్పటి నుంచి అలవాటైంది.

విజయవాడలో తుప్పు లేదు, దోమలున్నాయి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరిని చీల్చుకుని పోతాయి. నీళ్ళు పారుతున్నప్పుడు గట్టున నిలబడితే కళ్ళకి చల్లగా ఉంటుంది. నీళ్ళు కట్టేశాక చెత్త తేలుతుంది, దోమ పుడుతుంది. సాయంత్రం అయిదున్నరకి తలుపులు బిగించుకోవడం ఇక్కడి ఇళ్ళలో దీపం పెట్టడంతో సమానమైన నియమం. ఆ తలుపులు బిగించే వేళే విశాఖలో జనం బయటికి వస్తారు.

ఈ బయటికి రావడమే నాకు రెండు ఊళ్ళ మధ్య అన్నిటికన్నా పెద్ద తేడాగా కనిపించింది. ఆర్.కె. బీచ్‌లో కూర్చోడానికి టిక్కెట్టు లేదు. పది రూపాయలకో ఇరవైకో మురీ మిక్స్చర్ పొట్లం కొనుక్కుని ఇసకలో రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. పక్కన నేవీ ఆఫీసరు కుటుంబం ఉంటుంది, ఇటు పక్క కంచరపాలెం నుంచి వచ్చిన కూలీ కుటుంబం ఉంటుంది. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్ళదే. బ్యాంకు ఆడిట్ రోజుల్లో తల వేడెక్కిపోతే నేను రాత్రి ఎనిమిదిన్నరకి ఒక్కదాన్నే వెళ్ళి సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా గట్టు మీద కూర్చునేదాన్ని. ఎవరూ వింతగా చూసేవారు కాదు. నాలాగే ఒంటరిగా కూర్చున్న ఆడవాళ్ళు ఇంకా నలుగురైదుగురు కనిపించేవారు.

విజయవాడలో కృష్ణమ్మ ఉంది. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం వెలుగు చూసి తీరాలి. కానీ ఆ నది ఒడ్డున ఊరికే కూర్చోడానికి ఎన్నేళ్ళపాటో చోటే లేదు. ఘాట్లు పుష్కరాలకీ, అమ్మవారి పండగలకీ ఉన్నాయి. కృష్ణలంకలో రిటైనింగ్ వాల్ కట్టి పార్కు వేశాక ఇప్పుడు కాస్త జనం చేరుతున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది. లేకపోతే సాయంత్రం బయటికి వెళ్ళడమంటే ఇక్కడ బీసెంట్ రోడ్డుకి వెళ్ళి ఏదో ఒకటి కొనడం, లేదా హోటల్లో తినడం. తినడంలో మాత్రం విజయవాడకి నేను పూర్తి మార్కులు వేస్తాను. గాంధీనగర్‌లో వెన్న వేసిన ఇడ్లీ, సాయంత్రం బండి మీద పునుగులు, ఎండాకాలంలో నూజివీడు రసాలు. విశాఖలో మామిడిపండు కొన్నప్పుడల్లా మా ఊరి పెద్దరసం గుర్తొచ్చి బాధపడేదాన్ని. చేప విషయంలో విశాఖకి ఎదురు లేదు. ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో మన్యం నుంచి వచ్చే కంద, అల్లం, పనస, సీతాఫలాలు కూడా నాకు ఇక్కడ దొరకవు.

పుస్తకాల విషయంలో విజయవాడదే పైచేయి. ఏలూరు రోడ్డులో పుస్తకాల కొట్లు, జనవరిలో పుస్తకాల పండగ. ఆ పది రోజులూ బ్యాంకు నుంచి తిన్నగా అటే వెళ్తాను. చిన్న ప్రచురణల వాళ్ళు, ఇంట్లో దాచిన పాత పుస్తకాలు తెచ్చి అమ్మేవాళ్ళు, పుస్తకం తిరగేస్తూ వాదించుకునే ముసలాయనలు. విశాఖలో ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఉంది, కళాభారతిలో కచేరీలున్నాయి, 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. అయినా ఊరు ఊరంతా పుస్తకం చుట్టూ తిరిగే ఆ పది రోజులకి సాటి అక్కడ నాకేదీ దొరకలేదు.

నడక, బస్సు. విశాఖ ఎత్తుపల్లాల ఊరు. మ్యాపులో ఇంటికి కూరల కొట్టు దగ్గరే ఉంటుంది, కానీ తిరిగొచ్చేటప్పుడు సంచీతో మెట్ట ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇల్లు చూసేటప్పుడు లిఫ్టు ఉందా అని అడిగినట్టే వీధి వాలు ఎంత ఉందో కూడా చూసుకోవాలి. విజయవాడలో కొండ పక్కన ఉన్న పేటలు తప్పిస్తే ఊరంతా బల్లపరుపు. కానీ సిటీ బస్సులు తక్కువ, షేర్ ఆటోల మీద బతకాలి. విశాఖలో బస్సు నిజంగా పనికొస్తుంది. రైల్వే స్టేషన్ దగ్గర 900కె ఎక్కి కూర్చుంటే భీమిలి దాకా ఊరు దాటిన తర్వాత సముద్రం పక్కనే వెళ్ళొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి సిటీ బస్సులు ఉచితమయ్యాక మా ఆడపడుచు ఆటో ఎక్కడం దాదాపు మానేసింది. మెట్రో మాట రెండు ఊళ్ళలోనూ ఎన్నో ఏళ్ళుగా వింటున్నాం.

నీళ్ళ దగ్గర విజయవాడ అదృష్టవంతురాలు, పక్కనే నది. విశాఖకి ఆ సుఖం లేదు. ఏలేరు కాలువ 150 కిలోమీటర్లకు పైగా నడిచి వస్తే తప్ప ఆ ఊరికీ, ఫ్యాక్టరీలకీ నీళ్ళు చాలవు. మేమున్న చోట పొద్దున్నే కాసేపు కుళాయి వచ్చేది, సంపు నింపుకునేవాళ్ళం. ఏప్రిల్ వచ్చిందంటే ట్యాంకరు కోసం వాట్సాప్ గ్రూపులో అందరం వాదనలు. తీరానికి దగ్గరున్న పేటల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి.

ఇదే నీరు విజయవాడని ఎంత ఏడిపించిందో 2024లో చూశాం. ఆగస్టు 31న కుండపోత వాన. మేమున్న మొగల్రాజపురంలోనే కొండచరియ ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. మర్నాటికి బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. బుడమేరు మామూలు రోజుల్లో డ్రైనేజీ కాలువలా కనబడే వాగు. దాని వరద కృష్ణలోకి మళ్ళాలి, కానీ అదే సమయంలో కృష్ణ నిండుగా ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆమెది సింగ్‌నగర్. పిల్లల్నీ, రేషన్ కార్డున్న సంచీనీ పట్టుకుని పక్కవాళ్ళ మేడ ఎక్కింది. రోజుల తరబడి అక్కడే. నీళ్ళు తీశాక నేనూ మా వారూ వెళ్ళాం. గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత. ఫ్రిజ్ తేలి వెళ్ళి వంటింటి గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుంది. బియ్యం డబ్బా మూత తీస్తే పులిసిన వాసన. ఆమె మాత్రం పిల్లాడి పదో తరగతి మార్కుల కాగితాన్ని ఇనుప పెట్టె మీద పరిచి, నలగకుండా అరచేత్తో అద్దుతూ కూర్చుంది. ఆ వీధిలో ఏ ఇంటి ముందు చూసినా తడిసిన పరుపులు కుప్పలుగా ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, 2009లో మునిగిన కృష్ణలంకని ఈసారి ఆ రిటైనింగ్ వాల్ కాపాడింది. గోడ కట్టినచోట జనం నిలబడ్డారు, బుడమేరు వైపు మునిగారు. ఊరు ప్రకృతి వల్ల మునుగుతుందని నేను ఒప్పుకోను. ఎక్కడ గట్టు కట్టాం, ఎక్కడ వాగు దారిలో ఇళ్ళు వేయనిచ్చాం అన్నదాన్ని బట్టి మునుగుతుంది.

విశాఖకి తుఫాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. ఆ రోజు మేం సీతమ్మధారలో ఉన్నాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గాలి అరుపు తప్ప ఇంకేమీ వినబడలేదు. కిటికీ అద్దాలు లోపలికి పగిలాయి, అల్మారా అడ్డం పెట్టి ముగ్గురం ఆనుకుని నిలబడ్డాం. గాలి ఆగాక బయటికి వస్తే ఊళ్ళో పచ్చదనమే లేదు, ఆకు రాలిపోయి మోడులు మిగిలాయి. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు. బ్రాంచిలో జనరేటరు వేసుకుని ఉన్న డబ్బు అందరికీ సరిపోయేలా కొంచెం కొంచెంగా ఇచ్చాం. మా అపార్టుమెంటులో విజయనగరం వాళ్ళ దగ్గర గ్యాస్, ఒడియా వాళ్ళ దగ్గర డ్రమ్ములో నీళ్ళు, మా దగ్గర బియ్యం. సెల్లార్‌లో అందరికీ కలిపి వండుకున్నాం. చుట్టరికం లేని ఊళ్ళో ఆపద వస్తే ఎవరొస్తారన్న భయం నాకు ఆ వారంతో పోయింది.

ఇక దూరం. ఇది మా ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. విజయవాడ నుంచి ఎటైనా వెళ్ళొచ్చు. హైదరాబాదుకి 275 కిలోమీటర్లు, అర్ధరాత్రి బస్టాండుకి వెళ్ళినా బస్సు ఉంటుంది. చెన్నై, ఢిల్లీ, హౌరా దారులన్నీ ఈ జంక్షనులోనే కలుస్తాయి. తెనాలికి రైల్లో ముప్పావుగంట. విశాఖ ఒక మూలకి ఉంది. విశాఖ స్టేషన్లోకి వెళ్ళిన రైలు ఇంజను మార్చుకుని వెనక్కి తిరగాలి, అందుకే చాలా దూరపు రైళ్ళు ఊళ్ళోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్ళిపోతాయి. రాత్రి రెండింటికి సామాన్లతో దువ్వాడలో దిగి ఊళ్ళోకి ఆటో మాట్లాడుకున్నవాళ్ళకి ఆ బాధ తెలుసు. రెండు ఊళ్ళ మధ్య 350 కిలోమీటర్లు, రత్నాచల్‌లో ఆరు గంటలు. వందే భారత్ వచ్చాక నాలుగు గంటల్లో తేలుతోంది కానీ టిక్కెట్టు ధర, దొరకడం రెండూ కష్టమే.

మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. విశాఖ మాట ఎత్తితే, "నాకు ఒంట్లో బాగోలేదని ఫోను చేస్తే నువ్వొచ్చేసరికి తెల్లారుతుందే" అంటుంది. విశాఖలో ఉన్న తొమ్మిదేళ్ళూ నేను ఫోను పక్కన పెట్టుకునే పడుకున్నాను. వైద్యానికి రెండు చోట్లా లోటు లేదు. అటు కింగ్ జార్జ్ ఆసుపత్రి (కె.జి.హెచ్.), అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ఇటు సూర్యారావుపేట నిండా డాక్టర్లు, నది దాటితే మంగళగిరిలో ఎయిమ్స్. కానీ ఆసుపత్రి మంచం పక్కన కూర్చునే మనిషి ఎంత దూరంలో ఉందన్నది వాటన్నిటికన్నా ముందు చూసుకోవాలి.

ధరల గురించి ఎక్కువ రాయను. 2015లో అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు విజయవాడ చుట్టూ స్థలాలు ఎగిరాయి. 2019 చివర మూడు రాజధానుల మాట రాగానే విశాఖలో మధురవాడ, భోగాపురం వైపు ఎగిరాయి. 2024 తర్వాత మళ్ళీ ఇటు. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన రాగానే మళ్ళీ అటు. వార్త వచ్చిన వారంలో బ్రోకరు చెప్పే ధరకి కొనొద్దని నా కౌంటరు దగ్గరకి లోను కోసం వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతూ వచ్చాను. ఉండటానికి ఇల్లు కొనేవాళ్ళకి రాజధాని ఎక్కడన్నది అంత ముఖ్యం కాదు. వాగు ఎటు పారుతుంది, నీళ్ళ పైపు వేశారా, వీధిలో అంబులెన్సు తిరగగలదా అన్నవి ముఖ్యం.

చివరికి మేమనుకున్నది ఇదీ. అమ్మ ఉన్నన్నాళ్ళూ విజయవాడలో అద్దె ఇల్లు ఉంచుకుంటాం. కొనేది మాత్రం విశాఖలో, సింహాచలం కొండకి ఇవతల గోపాలపట్నం వైపు గానీ, పెందుర్తి రోడ్డులో గానీ, చుట్టుపక్కల ఫ్యాక్టరీ లేని చోట చూసుకుని. ఉప్పుగాలి తక్కువ, ఆడపడుచు దగ్గర, బస్సులున్నాయి. సింహాచలం పరిసరాల్లో అయిదు ఊళ్ళ భూములు దేవస్థానానివా, అక్కడున్నవాళ్ళవా అన్న పంచగ్రామాల గొడవ ఉంది కాబట్టి కాగితాలు లాయరుకి చూపించకుండా అడుగు వేయం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అత్తయ్యతో అక్కడ ఉంటాం. మిగతా నెలలు ఇక్కడ, తెనాలికి ముప్పావుగంట దూరంలో. రెండిళ్ళ ఖర్చు మా పింఛనుకి బరువే, మా వారు కాగితం మీద లెక్క వేసి చూశారు, జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది.

మీరూ ఇలాంటి ఆలోచనలో ఉంటే విజయవాడలో ఒక మే నెల, విశాఖలో ఒక అక్టోబరు అద్దెకి ఉండి చూడండి. డిసెంబరులో చూసి ఏ ఊరినీ ఎంచుకోవద్దు, డిసెంబరులో రెండూ బాగానే ఉంటాయి.

పోయిన నెలలో పెందుర్తి రోడ్డులో ఒక ఫ్లాటు చూశాం. ఎండాకాలం ట్యాంకర్లు ఎన్ని వస్తాయో వాచ్‌మన్ దాచకుండా చెప్పాడు. ఇల్లు బాగుంది, గాలి వస్తోంది. లిఫ్టు ఉంది కానీ, లిఫ్టు దాకా వెళ్ళడానికి అయిదు ఎత్తైన మెట్లు ఎక్కాలి, పట్టుకోడానికి రెయిలింగు లేదు. ర్యాంపు వేయించి ఇస్తారా అని అడిగాం, చూస్తామన్నారు. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి అత్తయ్యని కూడా తీసుకెళ్తాం. ఆ మెట్లు ఆవిడ ఎక్కగలిగితేనే మిగతా మాటలు.